రామగిరి ఖిల్లాకు రోప్‌వే సరే, కాలిబాట మాటేమిటి?

రామగిరి (పెద్దపల్లి జిల్లా): రామగిరి మండలంలో తిరిగే వారికి రెండు రకాల గుట్టలు కనిపిస్తాయి. ఒక రకం నిన్న మొన్న పుట్టినవి. ఓపెన్‌కాస్టు గనుల్లో బొగ్గు పొర మీది మట్టిని, రాయిని తవ్వి లారీలతో తెచ్చి పోయగా లేచిన ఓబీ కుప్పలవి. రెండో రకం ఎవరూ పోయనిది. వానాకాలంలో నెత్తి మీద మబ్బును రుమాలులా చుట్టుకుని నిలబడే రామగిరి గుట్ట అది. దాని మీద కోట వుంది. ఈ చుట్టుపక్కల దానిని కోట అనే వారు తక్కువ. ఖిల్లా అంటారు. మండలానికి ఆ పేరు వచ్చిందీ ఆ గుట్ట వల్లనే.

ఇన్నాళ్లూ గుట్ట కింది పల్లెల వారు, పెద్దపల్లి, మంథని, గోదావరిఖని నుంచి సెలవు రోజున సద్దికట్టుకుని వచ్చే వారు మాత్రమే తలచుకునే ఈ ఖిల్లా పేరు 2024లో సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. రాష్ట్రంలో రోప్‌వేలు వేయదగిన చోట్లంటూ ప్రభుత్వం ముందుకు తెచ్చిన నాలుగింటిలో యాదగిరిగుట్ట, నాగార్జునసాగర్, నల్లగొండ హనుమాన్ కొండలతో పాటు మన రామగిరి కూడా వుంది. తీగ మీద వేలాడే పెట్టెలో కూర్చుంటే మోకాళ్ల నొప్పుల ముసలమ్మ కూడా గుట్ట మీది రాముణ్ణి చూసి రావచ్చునన్న మాట. సంతోషించవలసిన విషయమే. కాని కోట అనేది ఒకసారి విహారస్థలంగా మారడం మొదలుపెడితే, ఏది మిగులుతుంది, ఏది పోతుంది అన్న ప్రశ్నను తీగ లాగకముందే అడగాలి. లాగిన తర్వాత అడిగే వారికి జవాబు చెప్పే వారు వుండరు.

ఇంతకూ పైన ఏముంది?

పెద్దపల్లి - మంథని రోడ్డు మీద బేగంపేట అడ్డరోడ్డు దగ్గర బస్సు దిగి ఊళ్లోకి నడిస్తే గుట్ట పాదం వస్తుంది. అక్కడి నుంచి కాలినడకే. శ్రావణమాసం వచ్చిందంటే ఈ దారికి కళ వస్తుంది. భుజాన పిల్లలు, చేతిలో టిఫిను గిన్నెలు, నీళ్ల సీసాలు. బావి డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చిన కుర్రవాళ్లూ వుంటారు. వానకు తడిసిన బండలు జారుతాయి. ఎక్కేటప్పుడు నవ్వుతూ ఎక్కిన వారే దిగేటప్పుడు ఒకరి చేయి ఒకరు పట్టుకుంటారు.

ఎక్కుతూ పోతుంటే ఒకదాని తర్వాత ఒకటిగా ద్వారాలు, వాటిని కలిపే రాతి గోడలు తగులుతాయి. చెట్ల వేళ్లు కొన్నిచోట్ల రాళ్లను విడదీశాయి, కొన్నిచోట్ల అవే వేళ్లు పట్టి వుంచాయి. గోడ మీద మొలిచిన రావిచెట్టును నరకమనే వారూ, నరికితే గోడ కూలుతుందనే వారూ మన ఊళ్లలోనే వున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం వుంది. చిన్న మొక్కగా వున్నప్పుడే తీయాలి. వేరు గోడలోకి దిగిన తర్వాత తెలిసిన మేస్త్రీ లేకుండా ముట్టుకోరాదు.

పైన వున్న శిథిలాలకు జనం తమ లెక్కన పేర్లు పెట్టుకున్నారు. ఇది గుర్రాలు కట్టిన చోటు, ఇది ఏనుగుల సాల, ఇది చెరసాల, ఇది నగారా మోగించిన చోటు అని ఎక్కిన ప్రతివారికీ తోడు వచ్చిన పెద్దలు చూపిస్తారు. పాత ఫిరంగులూ వున్నాయి. పిల్లలకు వాటి మీద ఎక్కి కూర్చోవడం సరదా. సీతమ్మ కొలను సంగతి అడగకుండా ఏ ఆడపడుచూ దిగి రాదు. వనవాస కాలంలో సీతారామలక్ష్మణులు ఈ గుట్ట మీద వున్నారనీ, ఇక్కడి నీట సీతమ్మ స్నానమాడిందనీ, ఆ పసుపు కుంకుమల రంగు ఇంకా నీటిలో కనిపిస్తుందనీ చెప్పుకుంటారు. గుట్ట మీది రాముడి గుడికి మొక్కే వారికి చరిత్ర పుస్తకంతో పని లేదు.

మరో మాట కూడా తరచు వినిపిస్తుంది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు విరహంతో గడిపిన రామగిరి ఇదేనని. పండితుల్లో ఎక్కువమంది ఆ రామగిరి నాగపూరు దగ్గరి రాంటెక్ అని అంటారు. మన గుట్టకు ఆ గౌరవం లేకపోయినా చిన్నతనమేమీ లేదు. దీనికి సొంత చరిత్ర చాలినంత వుంది.

పాదుషాలు బేరమాడిన కోట

పన్నెండో శతాబ్దంలో ఓరుగల్లు కాకతీయులు ఇంకా స్వతంత్రులు కాకముందు, గోదావరి ఒడ్డు ప్రాంతాలలో చిన్న చిన్న దొరలు ఎవరికి వారే రాజులు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో 1163లో రుద్రదేవుడు వేయించిన శాసనం వుంది. అందులో ఆయన తండ్రి రెండవ ప్రోలరాజు గెలుపులు చెబుతూ మంత్రకూటం ఏలిక గుండడిని పట్టి తల గొరిగించి, రొమ్ము మీద వరాహ ముద్ర వేయించినట్లు చెప్పారు. వరాహం కాకతీయుల చిహ్నం. శత్రువును చంపడం కంటే ఇలా సిగ్గుపరచడమే పెద్ద శిక్ష అనుకున్నారు కాబోలు. ఆ మంత్రకూటం మన మంథనే అని చరిత్రకారులలో కొందరి అభిప్రాయం. అదే నిజమైతే, గుండడు ఓడిన నేల ఈ గుట్టకు కనుచూపు మేరలోనిదే.

కాకతీయుల తర్వాత చేతులు మారిన వరస మన ప్రాంతంలోని కోటలన్నింటిదీ ఒకటే. నాయకులు, బహమనీలు, గోలకొండ కుతుబ్‌షాహీలు. ఆ వరస వదిలేసి ఒక్క సంవత్సరం దగ్గర ఆగుదాం. అది 1656.

గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షాకు, ఆయన దగ్గర మంత్రిగా వుండి కర్ణాటక ప్రాంతాన్ని జయించి వజ్రాల వ్యాపారంలో గొప్ప ధనవంతుడైన మీర్ జుమ్లాకు చెడింది. మీర్ జుమ్లా మొగలులను ఆశ్రయించాడు. సుల్తాను ఆయన కొడుకును చెరలో వేశాడు. దక్కను సుబేదారుగా వున్న ఔరంగజేబు ఇలాంటి సాకు కోసమే ఎదురు చూస్తున్నాడు. 1656 జనవరిలో కొడుకు మహమ్మద్ సుల్తానును ముందు పంపాడు. హైదరాబాదు నగరం దోపిడీ అయింది. సుల్తాను గోలకొండ కోటలో తలుపులు వేసుకున్నాడు. ఫిబ్రవరిలో ఔరంగజేబు స్వయంగా వచ్చి ముట్టడి వేశాడు. ఇంక కొద్ది రోజులైతే కోట దక్కేదేమో. ఢిల్లీ నుంచి తండ్రి షాజహాను హుకుం వచ్చింది, సంధి చేసుకోమని. మార్చి చివర ముట్టడి ఎత్తేశారు.

ఆ సంధిలో మొగలులు మూడు అడిగి పుచ్చుకున్నారు. డబ్బు. సుల్తాను రెండో కూతురును మహమ్మద్ సుల్తానుకిచ్చి పెండ్లి. మూడోది రామగిరి సీమ. వజ్రాల గనులున్న రాజ్యంలో, రేవు పట్టణాలున్న రాజ్యంలో, ప్రత్యేకంగా పేరు పెట్టి అడిగి తీసుకున్న నేల మన ఖిల్లా పేరున్న నేల. ఎందుకంటే గోదావరి దాటి ఉత్తరం నుంచి తెలంగాణలోకి దిగే దారుల మీద కన్నేసి వుంచగల చోటు ఇది. ఈ గుట్ట చేతిలో వుంటే ఆ దారి చేతిలో వున్నట్టే.

తర్వాత గోలకొండే 1687లో పడిపోయింది. కాపలా కాయవలసిన సరిహద్దు లేకుండా పోయింది. నిజాముల కాలంలో ఈ ప్రాంతానికి ఎలగందుల పెద్ద ఠాణా. 1905లో జిల్లా కేంద్రం కరీంనగరుకు మారడంతో ఎలగందులకూ అదే గతి పట్టింది. యుద్ధాలు పోయిన తర్వాత కోటకు పని లేదు. పని లేని కోటను చూసేవారు లేరు. 2016లో పెద్దపల్లి జిల్లా ఏర్పడినప్పుడు మాత్రం రామగిరి పేరుతో మండలం వచ్చి, పేరైనా బోర్డులకెక్కింది.

ఎవరూ నాటని తోట

రామగిరిని పార్కు చేయాలనే వారు ఒక సంగతి గమనించాలి. అది ఇప్పటికే తోట. ఎవరూ నాటకుండా, నీళ్లు పోయకుండా పెరిగిన తోట. ఈ గుట్ట మందు మొక్కలకు పేరుపడ్డది. ఆయుర్వేదం, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు బస్సులు కట్టుకుని వచ్చి ఆకులు చూసి, పేర్లు రాసుకుని పోతుంటారు. పల్లెల్లో పసరు మందులిచ్చే వారికి ఈ గుట్టే దుకాణం.

అయితే మందు మొక్కల గుట్ట అనే పేరే దానికి ముప్పుగా మారుతోంది. మొక్కలన్నీ ఒక తీరుగా బతకవు. తిప్పతీగను జానెడు కోసి తీసుకుంటే మళ్లీ చిగురిస్తుంది, నష్టం లేదు. ఉసిరి, కరక్కాయ, తానికాయ చెట్ల నుంచి కాయ రాలితే ఏరుకోవచ్చు. కొమ్మ విరిస్తే రెండేళ్ల కాపు పోతుంది. సుగంధిపాల సంగతి వేరు. దానిలో మందు వేరులోనే వుంది. వేరు తవ్వితే మొక్క చచ్చిపోయినట్టే. నేలవేమును మొక్క మొత్తంగా పీకుతారు. విత్తనం రాలకముందే పీకితే వచ్చే వానాకాలానికి ఆ చోట మొక్క వుండదు. మన పాత వైద్యులకు ఈ తేడా బాగా తెలుసు. ఒక పొద నుంచి కొంత తీసుకుని కొంత వదిలే వారు. సంచులు తెచ్చి బేరానికి తవ్వుకుపోయే వారికి ఆ పట్టింపు వుండదు.

చూడవచ్చే వారిలో చాలామందికి మొక్క పేరు కూడా తెలియదు. బాటకు ఇరుపక్కలా వున్న నలభై యాభై చెట్లకు పేరు, దేనికి పనికి వస్తుంది, ఎంత తీసుకోవచ్చు అని తెలుగులో రాసిన రేకు బిళ్లలు కడితే చాలు. ఖర్చు తక్కువ, మేలు ఎక్కువ. మొక్క పేరు తెలిసిన మనిషి దాన్ని తొక్కుకుంటూ పోడు.

సముద్రం ఒడ్డున రెండు కోటలు

కోట పని అయిపోయిన తర్వాత దాన్ని ఏం చేయాలన్న చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. సముద్రం ఒడ్డున కట్టిన రెండు కోటల కథ చూస్తే మనకు కొంత తెలివి వస్తుంది. ఒకటి మన తెలుగువారిది, ఒకటి దూరానిది.

మొదటిది బందరు కోట. గోలకొండ రాజ్యం సరుకంతా ఓడలెక్కిన రేవు మచిలీపట్నం. డచ్చి వారు 1605లో, ఇంగ్లీషు వారు 1611లో అక్కడ వర్తకం మొదలుపెట్టారు. అక్కడి కోట ఫ్రెంచి వారి చేతిలో వుండగా 1759 ఏప్రిల్లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు వారి వశం కావడానికి ఆ రాత్రి పెద్ద కారణం. ఆ తర్వాత వందేళ్ల పైచిలుకు అక్కడ సిపాయిలు వున్నారు. 1864 నవంబరు 1 రాత్రి తుపానుకు సముద్రం లేచి ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. అటు తర్వాత ఆ కోటలో దండు నిలపలేదు. ఇప్పుడు ఆయుధాగారం వంటి కొన్ని శిథిలాలు మిగిలాయి. చూడబోతే కోట ఎక్కడ అని అడుక్కోవాలి. వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి బందరు కోట చాలు.

రెండోది సింగపూరులోని ఫోర్ట్ కానింగ్. మన పల్లెల నుంచి బతుకుదెరువుకు సింగపూరు పోయిన వారిలో సెలవునాడు అక్కడి చెట్ల కింద కూర్చున్న వారు వుండే వుంటారు. ఊరి నడుమ, అప్పట్లో సముద్రానికి ఎదురుగా వున్న 150 అడుగుల చిన్న గుట్ట అది. పాత రాజుల సమాధులున్నాయని స్థానిక మలయా వారు దాని మీదికి ఎక్కేవారు కాదు. నిషిద్ధ పర్వతం అని దానికి పేరు. 1819లో ఇంగ్లీషు వారు దిగారు. తర్వాతి కాలంలో మద్రాసు సిపాయి పటాలాలు ఆ ఊరికి కాపలా కాశాయి. మద్రాసు పటాలాలంటే అందులో తెలుగువారు లేకుండా వుండరు. 1822లో దొర రాఫిల్సు ఆ గుట్ట వాలున జాజికాయ, లవంగం చెట్లతో ప్రయోగాల తోట వేయించాడు. ఏడేళ్లకే అది మూతపడింది. 1859లో మొదలుపెట్టి 1861 నాటికి గుట్ట తల నరికి చదును చేసి కోట కట్టారు.

ఆ కోట ఒక్క యుద్ధంలోనూ ఫిరంగి పేల్చి ఊరిని కాపాడింది లేదు. పేల్చితే గుండు మన ఊరి మీదనే పడుతుందని అక్కడి వారే వేళాకోళం చేశారట. 1907లో చాలా భాగం పడగొట్టారు. కోట వున్న చోట ఊరికి మంచినీళ్ల రిజర్వాయరు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ గుట్ట కడుపులోని గదులలోనే 1942 ఫిబ్రవరి 15న ఇంగ్లీషు సేనాపతులు జపాను వారికి లొంగిపోవాలని నిర్ణయించారు. 1972లో ఆ గుట్టను సెంట్రల్ పార్కు అన్నారు. 1981లో ఫోర్ట్ కానింగ్ పార్కు అని పేరు మార్చారు. పచ్చిక, పాటకచేరీలు, నడక బాటలు, మళ్లీ ఒక సుగంధ ద్రవ్యాల తోట. ప్రజలకు చక్కని చోటు. కాని పేరులో కోట వుంది కాని, గుట్ట మీద కోట ఎంత వుంది? ఒక ద్వారం, కొంత గోడ, రెండు పాత ఫిరంగులు. అంతే. చిత్రమేమిటంటే, అందరికన్నా పాతదైన ఆ సమాధి చోటికి మాత్రం జనం ఇప్పటికీ వచ్చి దండం పెట్టి పోతుంటారు. అధికారులు కట్టింది పోయింది, జనం మొక్కింది నిలిచింది.

సింగపూరు వారు కోట పోగొట్టుకుని పార్కు సంపాదించారు. బందరులో పార్కూ రాలేదు, కోటా నిలవలేదు. రామగిరిలో రెండూ దక్కించుకునే వీలు ఇంకా వుంది, ఎందుకంటే ఇక్కడ గోడలూ వున్నాయి, చెట్లూ వున్నాయి.

తీగ దిగే చోటు ఎక్కడ?

రోప్‌వే అంటే గాలిలో తీగ ఒక్కటే కాదు. కింద ఒక స్టేషను, పైన ఒక స్టేషను, నడుమ స్తంభాలు. ప్రతి స్తంభానికీ పునాది తవ్వాలి. సిమెంటు, ఇనుము పైకి చేరవేయాలంటే తాత్కాలికంగానైనా దారి వేయాలి. పైన వందమంది ఒక్కసారి దిగే చోట నేల చదును కావాలి. టిక్కెట్ల గది, మరుగుదొడ్లు, టీ దుకాణం అన్నీ దాని చుట్టే చేరతాయి. కోటలకు దెబ్బ తగిలేది తీగ వల్ల కాదు, ఈ చదును వల్ల. పై స్టేషను కోట గోడల లోపల కాకుండా, కొలనుకు, గుడికి ఎడంగా వుండాలని మొదటి పటం గీసేటప్పుడే అడగాలి. పురావస్తు శాఖ వారిని పని అయిన తర్వాత ఫోటోకు పిలవడం కాదు, పటం గీసే బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. అడవి భూమిలో పని చేయాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద అనుమతి ఎలాగూ కావాలి.

ఇంకొక సంగతి గని ప్రాంతం వారికి బాగా అర్థమయ్యేది. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ జరిగినప్పుడు కిటికీలు గలగలమనడం ఇక్కడి పల్లెలకు తెలుసు. ఆ కంపనం ఎంత వరకు వుండవచ్చో గనుల భద్రతా డైరెక్టరేటు 1997లోనే ఒక సర్క్యులరు ద్వారా చెప్పింది. నేల సెకనుకు ఎన్ని మిల్లీమీటర్ల వేగంతో కదిలిందన్నది కొలత. నెమ్మదిగా ఊగే రకం కంపనమైతే మామూలు ఇండ్లకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. చారిత్రక కట్టడాలకైతే 2 మిల్లీమీటర్లే. అంటే మన ఇంటి కంటే పాత గోడకు రెట్టింపు పైగా జాగ్రత్త కావాలని ఆ లెక్క అర్థం. గుట్ట దూరంగా వుంది కాబట్టి కంపనం అక్కడికి చేరేసరికి తగ్గిపోతుందని అనవచ్చు. తగ్గితే మంచిదే. కొలిచే యంత్రాలు గనుల దగ్గర ఎట్లాగూ వుంటాయి. ఒకటి ఖిల్లా గోడ దగ్గర పెట్టి, వచ్చిన అంకెను బేగంపేట పంచాయతీ బోర్డు మీద రాస్తే అనుమానమే వుండదు.

డబ్బు మాట వచ్చినప్పుడు కూడా గని పక్కన వున్నామని గుర్తు పెట్టుకోవాలి. 2015లో గనుల చట్టాన్ని సవరించి ప్రతి గని జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పాటు చేశారు. తవ్విన ఖనిజానికి కట్టే రాయల్టీతో పాటు, పాత లీజులైతే ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం, కొత్తవైతే 10 శాతం ఆ నిధికి జమ కావాలి. గని వల్ల ఇబ్బంది పడే ఊళ్లలో తాగునీరు, పారిశుధ్యం ఆ నిధిలో మొదటి వరస పనులు. గుట్ట పాదం దగ్గర మంచినీటి కొళాయి, ఆడవారికి మరుగుదొడ్డి, ఊరి జనానికీ, వచ్చే జనానికీ ఉపయోగపడేవే. ఇవి రోప్‌వే వచ్చే దాకా ఆగవలసిన పనులు కావు. గ్రామసభ తీర్మానంలో ఒక వాక్యం రాస్తే మొదలవుతాయి.

కాలిబాట ఎవరిది?

అసలు సంగతి ఇది. రోప్‌వే వచ్చిన చోట్ల కాలిబాట మెల్లగా చెడిపోతుంది. డబ్బున్నవాడు తీగ మీద పోతాడు. బాటను బాగు చేయడానికి ఎవరికీ తీరిక వుండదు. పొదలు అల్లుకుంటాయి. ఒకరోజు ఎవరో జారిపడతారు. భద్రత కోసమని గేటు వేస్తారు. అంతటితో ఖిల్లా టిక్కెట్టు కొన్నవారి సొత్తవుతుంది. నలుగురు పిల్లలతో శ్రావణ శనివారం వచ్చే కూలి తల్లికి ఐదు టిక్కెట్లు, రానూ పోనూ, ఒక రోజు కూలిని మింగుతాయి.

ఆ బాటే ఖిల్లాకు ప్రాణం కూడా. ద్వారం తర్వాత ద్వారం దాటుతూ, వంపులో ఆయాసపడుతూ ఎక్కినప్పుడే శత్రువు ఈ కోట ఎందుకు ఎక్కలేకపోయాడో కాళ్లకు తెలుస్తుంది. తీగ మీద నేరుగా నెత్తిన దిగిన వారికి ఖిల్లా ఒక చూపుడు మేడ మాత్రమే.

కాబట్టి రెండూ వుండనివ్వండి. ముసలివారికి, నడవలేని వారికి తీగ. మిగతా వారికి బాట. బాట మీద జారే బండల దగ్గర ఇనుప గొట్టాలు, ఊపిరి తీసుకునే చోట రాతి అరుగులు, కొలనుల్లో పూడిక తీసి ఒడ్డు కట్టడం. వీటికి పెద్ద ఇంజనీర్లు అక్కరలేదు, వడ్డెర మేస్త్రీలు చాలు. బేగంపేట, చుట్టుపక్కల ఊళ్లలో చదువుకుని ఖాళీగా వున్న పిల్లలు చాలామందే వున్నారు. వారిలో పదిమందికి గుట్ట చరిత్ర, మొక్కల పేర్లు నేర్పి చేతికి ఒక గుర్తింపు బిళ్ల ఇస్తే, వచ్చిన వారికి దారి చూపినట్టూ అవుతుంది, నిధుల ఆశతో రాత్రిపూట గడ్డపారలు పట్టుకుని ఎక్కే వారి మీద నాలుగు కళ్లు వుంచినట్టూ అవుతుంది. పాత కోట అంటే బంగారం పాతిపెట్టి వుంటుందన్న పిచ్చి మన వైపు ఇంకా పోలేదు. కోట గోడల పునాదులకు వానల కంటే ఈ గడ్డపారలే ఎక్కువ చేటు.

చూడదలచిన వారికి: వానలు మొదలై గుట్ట పచ్చబడిన తర్వాత, శ్రావణం నుంచి కార్తీకం వరకు మంచి కాలం. పెద్దపల్లి, మంథనిల మధ్య తిరిగే బస్సులు బేగంపేట అడ్డరోడ్డు దగ్గర ఆగుతాయి. గోదావరిఖని వైపు వారు సెంటినరీ కాలనీ మీదుగా రావచ్చు. పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టి, పొద్దు వుండగానే దిగాలి. చెప్పులు పట్టు వున్నవి వేసుకోవాలి. తాగే నీళ్లు వెంట తీసుకుపోవాలి. ఖాళీ సీసా తిరిగి కిందికే తెచ్చుకోవాలి.